ఎవరైనా ‘మా’ అని పిలిస్తే

ఆయన మా అమ్మాయి తలలో జారిపోతున్న క్లిప్పు తీసి, కళ్ళ మీద పడుతున్న జుట్టును వేళ్ళతో వెనక్కి దువ్వి, క్లిప్పును మళ్ళీ సరిగ్గా పెట్టాడు. నాకు భయం వేసింది సరిగ్గా అప్పుడే. అంతకుముందు వెయ్యలేదు. ఖిదిర్‌పూర్‌లో కిక్కిరిసిన బస్సు ఎక్కినప్పుడు వెయ్యలేదు. చంకలో నిద్రపోతున్న అబ్బాయి, భుజాన సంచి, చున్నీ కొస పట్టుకుని అటూ ఇటూ ఊగుతున్న అమ్మాయి, వీళ్ళందరితో నేను పడుతున్న అవస్థ చూసి సీట్లో ఉన్న ఆ ముసలాయన “ఎశో మా, కోలే బోశో” అన్నప్పుడూ వెయ్యలేదు. రా అమ్మా, ఒళ్ళో కూర్చో అని. అన్నది నన్ను కాదు, ఒకటో తరగతి చదువుతున్న మా జెస్సీని. పాలపళ్ళు ఊడుతున్న పిల్లను ‘మా’ అనడం ఈ ఊళ్ళో వింతేమీ కాదు. ఆడపిల్ల కనిపిస్తే మా, మగపిల్లాడు కనిపిస్తే బాబా, ఇంకా ముద్దొస్తే షోనా, అంటే బంగారం. బస్సులో కూర్చున్నవాళ్ళు నిలబడ్డవాళ్ళ సంచులనూ టిఫిన్ డబ్బాలనూ పిల్లలనూ ఒళ్ళో పెట్టుకోవడం కూడా కలకత్తాలో ఎవరూ చెప్పకుండానే జరిగిపోయే పని. ఆయన ఒళ్ళో అప్పటికే ఎవరో కాలేజీ కుర్రాడి బ్యాగు ఉంది. దాన్ని కాళ్ళ మధ్యకు జరిపి జెస్సీకి చోటు చేశాడు.

జెస్సీ నా వైపు చూడకుండానే వెళ్ళి కూర్చుంది. పేరేంటి మా అని అడిగాడు, చెప్పింది. ఏ బడి అని అడిగాడు, చెప్పింది. అడగనివి కూడా చెప్పింది. మేము భవానీపూర్‌లో మిఠాయి కొట్టు పైన ఉంటామనీ, డాడీకి ఆదివారం కూడా ఆఫీసు ఉందనీ, తమ్ముడు రాత్రి పక్క తడుపుతాడనీ. ఆయన “బాః, షోనా మా” అని నవ్వాడు. వింటున్న నాకు లోపల ఎక్కడో చిన్న దురదలాంటిది మొదలైంది గానీ దానికి భయం అని పేరు పెట్టలేదు. అప్పుడు క్లిప్పు జారింది. ఆయన వేళ్ళు ఆ పని అలవాటుగా, తడుముకోకుండా చేశాయి. మనవరాళ్ళు ఉన్న మనిషి వేళ్ళు అలాగే ఉంటాయని ఇప్పుడు అనుకుంటున్నాను. అప్పుడు మాత్రం నా చెయ్యి నన్ను అడగకుండానే జెస్సీ రెక్క పట్టుకుని లాగేసింది. “దొర్కార్ నేయి” అన్నాను. అవసరం లేదు అని. అంతే అన్నాను. ముందు దాదూ, అంటే తాతా, అని గాని వెనక కాకూ, అంటే బాబాయ్, అని గాని ఏమీ తగిలించలేదు. ఈ ఊళ్ళో అలా ఉత్తగా మాట్లాడితే తిట్టినట్టే లెక్క.

బస్సు ఊగింది. జెస్సీ ఎదుటి సీటులో ఆవిడ మోకాళ్ళ మీద పడి ఏడుపు మొదలుపెట్టింది. “ఏమైంది దీదీ? పిల్ల హాయిగా కూర్చుంది కదా!” అని ఆవిడ. “పెద్దాయన ఏమన్నాడట?” అని వెనకనుంచి ఎవరో. తలుపు దగ్గర వేలాడుతున్న కండక్టరు ఇదంతా చూసి, “దాదూ, మీ సీటు నచ్చలేదట, మార్చేసుకోండి” అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. ముసలాయన చెవులు ఎర్రబడ్డాయి. ఖాళీ అయిన ఒళ్ళో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు చూసుకుని, కుర్రాడి బ్యాగు మళ్ళీ పైకి తీసి పెట్టుకున్నాడు. “తప్పేం లేదు మా, జాగ్రత్తగానే ఉండాలి” అన్నాడు. ఈసారి ఆ ‘మా’ నేను. మా స్టాపు రాకముందే దిగిపోయాను.

పేవ్‌మెంట్ మీద నడుస్తుంటే జెస్సీ అడిగింది. “అమ్మా, ఆ దాదూ ఏం చేశాడు?”

“ఏం చెయ్యలేదు.”

“మరి నేనేం చేశాను?”

“నువ్వూ ఏం చెయ్యలేదు. నడు.”

ఇంటి కింద మిఠాయి కొట్టాయన జెస్సీని పుట్టినప్పటినుంచి ఎరుగును. రోజూ సాయంత్రం “కీ రే మా” అని పలకరించి, విరిగిన సందేశ్ ముక్క ఒకటి కాగితంలో పెట్టి ఇస్తాడు. నిన్న మేము బస్సు దిగి వచ్చినప్పుడూ గల్లాపెట్టె వెనకనుంచి వంగి అలాగే పిలిచాడు. జెస్సీ నా వెనక్కి వెళ్ళి నా కుర్తాలో మొహం దాచుకుంది. “అలిగిందా ఏమిటి నా మీద?” అని ఆయన నవ్వుతూనే ముక్క నా చేతికిచ్చాడు. దాక్కున్న పిల్లను చూసి నాకు ముందు హాయిగా అనిపించింది, ఎందుకు దాచాలి? హమ్మయ్య, నేర్చుకుంది అనుకున్నాను. రెండో అంతస్తు మెట్లు ఎక్కేలోపే ఆ హాయి పాడైపోయింది. ఏం నేర్చుకుంది? ఒక్క లాగుడుతో నేను దానికి ఏం నేర్పాను? తెల్లారితే అది మళ్ళీ అడుగుతుంది, అడక్కపోయినా అడిగినట్టు చూస్తుంది. అప్పటికి నా దగ్గర ఒక మాట ఉండాలి. ఆ మాట వెతుక్కుంటూ నా చిన్నతనం దాకా వెళ్ళాను. అక్కడ మా మామ్మ ఉంది. ఈ ప్రపంచంలో మామ్మ నాన్నా అని, తండ్రీ అని, తల్లీ అని పిలవని మనిషి లేడని నా నమ్మకం.

నేను పుట్టి పెరిగింది ఖిదిర్‌పూర్‌లో, రేవు కూలీల కోసం కట్టిన క్వార్టర్లలో. మా తాత శ్రీకాకుళం వైపు పల్లెనుంచి వచ్చి ఓడల్లోంచి బస్తాలు దించే పనిలో చేరాడట. ఆయన్ని నేను చూడలేదు. నాన్న అదే రేవులో క్రేను దగ్గర పనిచేసేవాడు. ఒక గది, ముందు వరండా, వరుస మొత్తానికి ఒక కుళాయి. తెల్లవారి సైరను కుయ్యకముందే మామ్మ లేచి బొగ్గుల కుంపటి వరండాలో పెట్టి విసిరేది. ఆ పొగ వాసన, రేవు మీదనుంచి వచ్చే తారు వాసన, పక్కింటి బీహారీ వాళ్ళ ఆవనూనె వాసన, మా అటక మీది ఎండు రొయ్యల వాసన, ఇవన్నీ కలిసిన ఒక్క వాసననే నేను చాలా ఏళ్ళు పొద్దు అనుకున్నాను. కుంపటి రాజుకునేలోపు మామ్మ చుట్ట కాల్చేది. మా వైపు ఆడవాళ్ళు కాల్చినట్టు, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. చర్చి సంఘం అయ్యగారు అటువైపు వస్తున్నట్టు తెలిస్తే, చుట్ట బయటికి తియ్యకుండా పెదాలు బిగించి వందనాలు పెట్టేది. ఆయన ప్రార్థన ముగించి వెళ్ళేదాకా ముక్కులోంచి సన్నగా పొగ వస్తూనే ఉండేది. ఆయన కళ్ళు మూసుకునే ఉండేవారు, పాపం, అంతసేపూ.

సాయంత్రాలు నా పని బైబిలు చదవడం. మామ్మకు అక్షరం ముక్క రాదు. అయినా నేను ఒక వాక్యం దాటేస్తే, “ఒలే గుంటా, మద్దిలో ఏదో మింగీసినావు” అని తొడమీద చరిచేది. నేనిప్పుడు రాస్తున్న ఈ తెలుగు ఆ చరుపుల్లోనే వచ్చింది. బడిలో ఇంగ్లీషు, వీధిలో బెంగాలీ, హిందీ. తెలుగు అక్షరాలు నాకు మామ్మ తొడ పక్కన, లాంతరు దగ్గర మాత్రమే కనబడేవి. నన్ను మామ్మ పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. ఎప్పుడూ గుంటా, ఒలే గుంటా, కోపం వస్తే గుంట ముండా.

ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండి కూడా మామ్మకు బెంగాలీ పట్టుబడలేదు. వచ్చినవన్నీ వరసలే. మా, బాబా, దాదా, దీదీ, మాశీ, అంటే అమ్మా, నాన్నా, అన్నా, అక్కా, పిన్నీ. వాటి మధ్య ఖాళీలన్నీ తెలుగుతో నింపేది. అవతలివాళ్ళకు ఎలా అర్థమయ్యేదో నాకు తెలియదు గానీ అర్థమయ్యేది. బజారులో కొత్త చేపలవాడు కనబడితే ముందు గంప చూసేది కాదు, వాడి మొహం చూసి, “బాబా, నా తండ్రీ, ఈ సేప ఏ పూటదిరా?” అనేది. వాడు “ఇవాళ్టిదే మాశీ, ఇప్పుడే దిగింది” అని బెంగాలీలో. “ఇప్పుడే దిగినాదా నాన్నా? దాని కళ్ళు సూడు, రాత్రంతా ఏడిసినట్టున్నాయి” అని మామ్మ. వాడు నవ్వేవాడు, ధర తగ్గేది. కొంచెం ముందుకెళ్తే పాతకాపు రఫీక్ కూర్చునేవాడు. వాడి దగ్గర మాత్రం వరసలుండేవి కావు. “ఒరే రఫీకూ, దొంగ సచ్చినోడా, మొన్నటిదే మళ్ళీ అంటగట్టెస్తన్నావేటి?” అని మొదలు. “ఈ ముసలిదానికి ముక్కు పనిచేస్తే కదా!” అని వాడు. ఇద్దరూ అరుచుకుంటుంటే జనం ఆగి చూసేవాళ్ళు. ఆఖరికి రఫీక్ ఒక చేప తల ఊరికే వేసేవాడు. నాకు కొత్తవాడితో మాట్లాడే మామ్మే నచ్చేది. అంత తియ్యగా పిలిచేది కదా అని. “మామ్మా, ఆడి పేరు తెలుసేటి నీకు?” అని అడిగాను ఒకసారి. “పేరెందుకే గుంటా? వరస కలిపీసినాక పేరుతో పనేటి?” అంది.

బస్సులోనూ అంతే. ఎక్కగానే సీట్లవైపు ఒక్కసారి చూసి, ఎవరో ఒకరిని “బాబూ, నా నాన్నా” అని పిలిచి నన్ను వాళ్ళ ఒళ్ళోకి తోసేది. గంజి పెట్టిన ధోవతులు, తమలపాకు వాసన వేసే చీరలు, ఆఫీసు ప్యాంట్లు, ఎన్నెన్ని ఒడులో. రేవు దగ్గర ఓడ వస్తే వంతెన పైకి లేచి బస్సులన్నీ ఆగిపోయేవి. అంతసేపూ ఎవరి ఒళ్ళోనో కూర్చుని వాళ్ళు పెట్టిన బఠాణీలు తింటూ ఓడను చూసేదాన్ని. భయం అనేది ఒకటుంటుందని ఎవరూ చెప్పలేదు.

ఒకే ఒక్కసారి తప్పిపోయాను. క్రిస్మస్ ముందు రోజులు. బజారంతా రంగు కాగితాల నక్షత్రాలు వేలాడదీశారు. ఎర్రదాని కింద నిలబడి పైకి చూస్తుంటే మామ్మ చెయ్యి జారిపోయింది. ఏడుస్తుంటే ఒకాయన వంగాడు. లుంగీ, గోరింటాకు పెట్టిన గడ్డం. ఏడవకు మా, ఏడవకు అన్నాడు. నా చెయ్యి పట్టుకుని కొంతదూరం నడిపించి, తర్వాత భుజం మీదకెత్తుకుని, ఈ పాప ఎవరిది, ఎవరిది అని కేకలు వేస్తూ బజారంతా తిరిగాడు. అంత ఎత్తునుంచి నాకు మామ్మ కనిపించింది. ముడి ఊడిపోయి, నోరు తెరిచి ఉంది గానీ మాట రావడం లేదు. నన్ను చూశాక పరుగెత్తుకొచ్చి ఆయన గడ్డం పట్టుకుని, “నా తండ్రీ, నా కన్నతండ్రీ, సల్లగుండు నాన్నా” అంది. ఆయన సిగ్గుపడి, పర్వాలేదు మా అన్నాడు. సందు మలుపు తిరిగాక మామ్మ నన్ను ఒక కుళాయి గట్టుమీద నిలబెట్టి ముందూ వెనకా తిప్పి చూసింది. పక్కన బట్టలుతుకుతున్నామె దగ్గర సబ్బు ముక్క అడిగి, ఆయన పట్టుకున్న చెయ్యి ఎర్రబడేదాకా రుద్ది కడిగింది. “సేపల కంపు” అంది. నేను నమ్మాను. ఆయన చేతికి అత్తరు వాసన తప్ప మరేదీ లేదని తెలిసి కూడా నమ్మాను.

ఇదంతా నిన్న రాత్రి గుర్తు చేసుకుంటుంటే మా ఆయన ఆఫీసునుంచి వచ్చాడు. వాళ్ళది వరంగల్. చదువు హైదరాబాదు. ఈ ఊళ్ళో కంప్యూటర్ ఉద్యోగానికి వచ్చి, చర్చిలో నన్ను చూసి, ఇక్కడే ఉండిపోయాడు. అన్నం తింటూ విన్నాడు. “దీనికి గింత ఆలోచన ఎందుకు? తెల్వనోళ్ళ ఒళ్ళో కూసోవద్దని పిల్లకు చెప్పు. అయిపాయె.”

“నువ్వు మాత్రం క్యాబు అతన్ని, వాచ్‌మన్‌ని అన్నా అన్నా అంటావు కదా?”

“అన్నా అంటే ఏమైతది? హైదరాబాద్‌ల అందరూ అన్నలే. నేనేమన్న వాని ఒళ్ళో కూసుంటున్ననా?”

నవ్వొచ్చింది. అతను చెప్పింది సరైనదే. బడిలో కూడా అదే చెబుతున్నారు, బొమ్మలు గీసి మరీ చెబుతున్నారు. కానీ ఆ నియమం ప్రకారం నేనైతే మామ్మ చేతిలో రోజుకు ఎన్నిసార్లు ప్రమాదంలో పడ్డట్టు? మామ్మ తెలివితక్కువదా? లేక అప్పటి మనుషులు మంచివాళ్ళా? అప్పటి మనుషుల గురించి నాకేం తెలుసు, నా కళ్ళు వాళ్ళ చొక్కా గుండీల ఎత్తులో ఉండేవి.

గిన్నెలు కడిగి అమ్మకు ఫోన్ చేశాను. నాన్న పోయాక అమ్మ ఆ క్వార్టర్ల పక్క సందులోనే ఒక గది తీసుకుని ఉంటోంది. మధ్యాహ్నం మేము భోంచేసి వచ్చింది అక్కడినుంచే.

“ఏటే, బేగి సేరేరా? బుల్లోడు లేచీసినాడా?” అంది. జరిగింది చెప్పాను. “అయితే ఏటైపోనాది ఇప్పుడు?” అంది.

“మామ్మయితే ఇలాగ లాగీసీదా అమ్మా? నన్ను ఎవరి ఒళ్ళో పడితే వాళ్ళ ఒళ్ళో కూర్చోబెట్టీసీది కదా.”

అమ్మ నవ్వింది. “ఎవలి వొళ్ళో పడితే ఆళ్ళ వొళ్ళోనా? నీకేటి తెలుసే! నువ్వు కూకున్నంతసేపూ ముసిల్ది నీ జడకొస సేతికి సుట్టుకుని నిలబడీది. ఆడు కాసింత ఇటు జరిగితే నిన్ను అటు గుంజీసీది. ఇంటికొచ్చి ‘అమ్మా, తల నొప్పి’ అని నువ్వే ఏడిసీదానివి.”

వెంటనే నా కుదుళ్ళలో ఆ నొప్పి తెలిసింది. అవును. బస్సు ఎక్కిన రోజుల్లో తల నొచ్చేది. బస్సు కుదుపులకు అనుకునేదాన్ని.

“మరి అందర్నీ అంత ప్రేమగా నాన్నా, తండ్రీ అనీది?”

“పేమేటి? బయమేసినోళ్ళని అనీది. రఫీకుగాణ్ణి ఎప్పుడైనా నాన్నా అన్నాదా? మీ నాన్ననన్నాదా, కన్నకొడుకుని? నన్నన్నాదా? మమ్మల్నందర్నీ తిట్టీది. తాత రేవులోకెల్లిపోతే వొయిసులో ఉన్న మనిషి, బాస రాదు, బజారుకి ఒక్కర్తీ ఎల్లాల. ఎదరోడు ఎలాటోడో తెల్దు. ఆడు నోరు తెరవకముందే నాన్నా అనీసీది. కూతుర్ని ఇంకేటంటాడు ఆడు? నాకు సెప్పింది ఒకపాలి. నీకు సెప్పనేదా?”

చెప్పలేదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు వంటింటి గట్టు దగ్గరే నిలబడ్డాను. నా చిన్నతనం మొత్తాన్ని ఎవరో దులిపి వెనక్కి తిప్పి వేసినట్టయింది. బజారంతా పరిచి ఉందనుకున్న ప్రేమ ఒక కంచె అట. నేను ఒక్కో సంఘటనా తీసి చూసుకున్నాను. కొత్త చేపలవాడు, అవును. చీకటిపడ్డాక సందులో ఎదురొచ్చిన తాగుబోతు, అవును, “బాబూ, బద్రంగా ఎల్లు నాన్నా” అనేది, నా చెయ్యి మాత్రం విరిగిపోయేటంత గట్టిగా పట్టుకునేది. సబ్బు ముక్క, అవును. కానీ గోరింటాకు గడ్డం ఆయన దగ్గర ఆమె కళ్ళు కారిపోయాయి, అది నేను చూశాను. కంచె కట్టేవాళ్ళు అలా ఏడుస్తారా? ఒకే నోటినుంచి వచ్చిన ఒకే మాటలో సగం భయం, సగం కృతజ్ఞత ఉంటే, ఎక్కడ కొయ్యాలి దాన్ని? అమ్మ చెప్పిందే నిజమైతే నాకు తేలికగా ఉండేది. నేను చేసింది కూడా మామ్మ చేసిందే, కాకపోతే ఆమె జడ పట్టుకుంది, నేను రెక్క పట్టుకున్నాను అని సర్దుకునేదాన్ని. ఆమె పట్టుకున్నట్టు ఎవరికీ తెలియదు. నాకే తెలియలేదు. నేను లాగింది బస్సంతా చూసింది.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. రాకపోతే బాగుండేది. మామ్మ చివరి రోజుల్లో ఆసుపత్రిలో ఉంది. నేను అప్పుడు కాలేజీ చివరి ఏడు. మధ్యాహ్నాలు క్లాసులు ఎగ్గొట్టి వెళ్ళి పక్కన కూర్చుని, చిన్నప్పటిలాగే చదివి వినిపించేదాన్ని. ఒకరోజు గ్లాసుతో నీళ్ళు పట్టిస్తుంటే నా మొహంలోకి చూసి, “సల్లగుండు తల్లీ” అంది. జన్మలో మొదటిసారి. గుంటా కాదు, ముండా కాదు, తల్లీ. ఇంటికి వెళ్ళేదాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను, సంతోషంతో. ఆఖరికి మామ్మ ఆ మాట నాకూ ఇచ్చింది అని. నిన్న రాత్రి వంటింట్లో నిలబడి లెక్క తిరగేసుకుంటే, ఆ రోజు మామ్మ నన్ను గుర్తుపట్టలేదేమో అనిపించింది. ఎవరో తెలియని పిల్ల గ్లాసు పట్టుకుని మీదికి వంగితే, భయపడి తల్లీ అందేమో. అలా కాదేమో కూడా. అడగడానికి ఎవరున్నారు?

ఇప్పటి నా ఇంట్లో వరసలు తక్కువ, తాళాలు ఎక్కువ. తలుపుకు కన్నం, కన్నానికి కెమెరా. జెస్సీ ఎక్కిన స్కూలు బండి ఏ సందులో ఉందో ఫోన్‌లో చూస్తూ కూరగాయలు తరుగుతాను. బండి చుక్క ఒకచోట ఆగిపోతే కత్తిపీట కూడా ఆగిపోతుంది. సామాన్లు తెచ్చే కుర్రాడు నన్ను మేడమ్ అంటాడు. నేను అలవాటు కొద్దీ బాబూ అంటాను. అని, తలుపు గొలుసు తియ్యకుండా సందులోంచే సంచి అందుకుంటాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఫోన్‌లో డియర్ అని సందేశాలు పంపితే చూడకుండా తుడిచేస్తాను. మా మామ్మకు ఊరంతా చుట్టాలు, చెయ్యి మాత్రం నా జడ మీద. నాకు చుట్టాలు లేరు, రెండు చేతులూ పిల్లల మీదే. ఎవరం ఎక్కువ భయపడ్డామో తెలియదు. నేను భయం లేకుండా పెరిగాను, అది మాత్రం తెలుసు. జెస్సీ అలా పెరగాలా, లేక అలా పెరగడం వల్లే నాకు నిన్న అంతసేపూ ప్రమాదం కనబడలేదా? అసలు ప్రమాదం ఉందా? ఆ ముసలాయన ఏ స్టాపులో దిగాడో, ఇంటికెళ్ళి మనవరాలికి క్లిప్పు పెట్టాడో, లేక నా కళ్ళకు ఒక్క క్షణం కనిపించిన మనిషే నిజంగా ఆయనో, నాకు ఎప్పటికీ తెలియదు.

ఈ ఉదయం ఇద్దరూ బల్ల దగ్గర బ్రెడ్డు, గుడ్డు తింటున్నారు. మా అబ్బాయి అభికి ఇంకా నాలుగేళ్ళు నిండలేదు. తినేదానికన్నా చొక్కాకు పూసుకునేది ఎక్కువ. నేను జెస్సీ బూట్ల తాళ్ళు కడుతూ మొదలుపెట్టాను.

“నిన్న ఆ దాదూ ఏం చెయ్యలేదు. నీ క్లిప్పు సరిచేశాడు, అంతే. నాకు భయం వేసింది. భయం వేసి లాగేశాను. అందులో నీ తప్పేం లేదు.”

“దాదూది తప్పా?”

“నాకు తెలియదు” అన్నాను. రాత్రంతా తిప్పలు పడితే చేతికొచ్చిన నిజం అదొక్కటే.

“మరి ఎవరైనా మా అని పిలిస్తే పలకాలా, వద్దా?”

“పలుకు. నవ్వు. కింద సందేశ్ ఇచ్చే కాకూతో మాట్లాడు. కానీ ఎవరైనా ఒళ్ళోకి రమ్మంటే, ఎక్కడికైనా రమ్మంటే, వద్దని చెప్పు. నేను పక్కన ఉన్నా, లేకపోయినా.”

“నువ్వు చెప్పినట్టు చెప్పాలా?” అని, మొహం ముడుచుకుని, నిన్నటి నా గొంతుతో “దొర్కార్ నేయి” అంది. అంత మొరటుగా అన్నానా నేను!

“అలా కాదు. ‘వద్దు దాదూ’ అను. ఆంటీ అయితే ‘వద్దు మాశీ’ అను. వద్దనడం మానకు, దాదూ అనడమూ మానకు.”

అభికి ఆట దొరికింది. గుడ్డుకు వద్దు దాదూ, నీళ్ళ గ్లాసుకు వద్దు మాశీ, వాళ్ళ నాన్న దువ్వెన తెస్తే వద్దు వద్దు దాదూ. జెస్సీ నవ్వలేదు. కట్టిన తాడు కొస వేలికి చుట్టుకుంటూ ఆలోచించింది.

“ఎలా చెప్పినా బాధపడతాడు అమ్మా. నిన్న దాదూ బాధపడ్డాడు. నేను చూశాను.”

బండి హారన్ వినిపిస్తోంది. రెండో బూటు ఇంకా చేతిలోనే ఉంది. అది తొడిగి, తాడు బిగించి చెప్పాను.

“పడనీ. ఆయన పెద్దవాడు కదా, ఓర్చుకుంటాడు.”